ప్రశ్నకు కొలత, జవాబుకు స్వేచ్ఛ

చంద్రపూర్‌లో థర్మల్ కేంద్రం పొగ గురించో, బొగ్గు గనికి పోయిన పొలం పరిహారం గురించో సమాచార హక్కు కింద అడగాలంటే ముందు మాటలు లెక్కపెట్టుకోవాలి. దరఖాస్తు ఒకే అంశం మీద, మామూలుగా 150 మాటలు మించకుండా ఉండాలని మహారాష్ట్ర 2012లో నియమం సవరించింది. అదే ఏడాది వచ్చిన కేంద్ర నియమాలు 500 మాటల దాకా దయతలిచాయి. కేంద్రం కంటే మూడేళ్లు ముందే, 2002లోనే సొంత సమాచార చట్టం తెచ్చుకున్న రాష్ట్రమిది మరి!

జవాబుకు మాత్రం కనీస కొలత లేదు. ‘సమాచారం అందుబాటులో లేదు’ అని మూడు మాటలు ముప్పయ్యో రోజున పోస్టులో పడేస్తే గడువు పాటించినట్టే.

మా శాఖది కాదంటారా? 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం దరఖాస్తును అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాల్సింది దాన్ని అందుకున్న అధికారే. కావాలని తప్పుడు, అరకొర సమాచారం ఇస్తే 25,000 రూపాయల దాకా జరిమానా.

కొరడా ఉంది, కానీ ఝళిపించాల్సిన రాష్ట్ర సమాచార కమిషన్ ముందే పెద్ద క్యూ. మహారాష్ట్రలో పెండింగు అప్పీళ్లు, ఫిర్యాదులు 2023 నాటికే లక్ష దాటాయి. చంద్రపూర్ వాసి రెండో అప్పీలు నాగపూర్ బెంచికి వెళ్లి వరస వచ్చేసరికి, అడిగింది రోడ్డు గురించైతే, ఆ రోడ్డు మళ్లీ వేసి, మళ్లీ గుంతలు పడినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్నకు హద్దు గీసిన సర్కారువారు ‘లేదు’ అనే అధికారి చేత ఏ బీరువాలో, ఏ తేదీన వెతికారో కూడా రాయించాలి. దానికి 150 మాటలు ధారాళంగా సరిపోతాయి.