గోరు తెల్లబడొద్దు

ఉస్తాద్ తాళం వైపు చూడడు. పిల్లగాడి గోరు వైపు చూస్తాడు.

తాళం తీయాలంటే రెండు చేతులకు రెండు పనిముట్లు. కుడిచేతిలో సన్నటి కొక్కెం. ఎడమచేతిలో కొస వంచిన ఉక్కు పట్టీ, పాత హెక్సా బ్లేడును అరగదీసి ఉస్తాదే చేసుకున్నది. కొక్కెం లోపలి పిన్నులను ఒక్కొక్కటే పైకి నెడుతుంది. పట్టీ తాళాన్ని తిప్పుతుంది. చూసేవాళ్ల కళ్లన్నీ కొక్కెం మీద ఉంటాయి. పనంతా పట్టీ దగ్గర జరుగుతుంది.

ఏ కార్ఖానాలోనూ అయిదు పిన్నుల రంధ్రాలు కచ్చితంగా ఒకే గీత మీద పడవు. ఆ వెంట్రుకవాసి తేడా ఉండబట్టే పట్టీని కొద్దిగా తిప్పితే ముందు ఒక్క పిన్ను బిగుసుకుంటుంది. దాన్ని సరైన ఎత్తుకు లేపితే అక్కడే నిలుస్తుంది. తర్వాత ఇంకొకటి బిగుసుకుంటుంది. గట్టిగా తిప్పితే అన్నీ ఒక్కసారే బిగుస్తాయి, ఏదీ కదలదు. వదులుగా పడితే లేపిన పిన్ను మళ్లీ జారుతుంది. ఈ రెంటి మధ్య ఒక బరువుంది. దానికి తూకంరాళ్లు లేవు. పట్టీ మీద ఆనించిన చూపుడువేలి గోరు ఎర్రగానే ఉండాలి. తెల్లబడితే ఎక్కువైనట్టు.

"గోరు తెల్లబడొద్దు బేటా. నువ్వు తిప్పుతలేవు. వేలితోని వింటున్నవ్."

పిల్లగాడు పదో తరగతి తప్పి నారాయణఖేడ్‌లో ఉస్తాద్ గొడుగు కిందికి చేరాడు. వానకాలమంతా గోరు తెల్లబడింది. చలికాలంలో అప్పుడప్పుడు తెల్లబడింది.

ఉగాది దాటాక కంగ్టి నుంచి ఒకాయన వచ్చాడు.

సంగారెడ్డి జిల్లా ఆ చివర, కర్ణాటక సరిహద్దు ఊళ్లలో, దసరా వెళ్లగానే ఇళ్లకు తాళాలు పడతాయి. చెరుకు కొట్టడానికి కర్ణాటకకో, మహారాష్ట్రకో పోతారు. మొగుడూ పెళ్లామూ కలిస్తే ఒక కోయిత. కోయితకు ఇంతని, కూలీలను కుదిర్చే ముకద్దం ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఈయన ఆ అడ్వాన్సులోంచే తాళం కొన్నాడు. అలీగఢ్ తాళం, గట్టిది. చాబీ చెరుకు చేన్లో ఎక్కడో పడిపోయింది.

ఉస్తాద్‌కు ఒక కట్టుబాటు ఉంది. ఆ ఇల్లు ఎవరిదో ఇరుగుపొరుగు చెప్పనిదే తాళం ముట్టడు. చెప్పినవాళ్ల పేరు బుక్కులోకి ఎక్కాలి. ఆయనకు ఉర్దూ తప్ప రాయరాదు కాబట్టి రాసేది పిల్లగాడే. కంగ్టిలో ఆ ఇంటి ముందు నిలబడి మొదట ఇంటాయన పేరు రాశాడు. దాని కింద ఇంటామె పేరు. మూడోది సాక్షి పేరు, పక్కింటాయనది.

పక్కింటాయన అడగకముందే వచ్చాడు. "ఇల్లు ఈళ్లదే. ఆర్నెల్ల సంది ఈ తాళం ఎవ్వలు ముట్టలే. పొద్దుమాపు నేను సూస్తనే ఉన్న." సంతకం పెట్టాడు. లోపలికి పోయి రెండు స్టీలు గిలాసల్లో చాయ్ తెచ్చి గడప మీద పెట్టాడు.

పని అయ్యేదాకా ఏదీ నోట పెట్టకూడదన్నది ఉస్తాద్ రెండో కట్టుబాటు. గిలాసలు గడప మీదే ఉన్నాయి.

"తాళానికి దెబ్బ తగలొద్దు," అన్నాడు ఇంటాయన. "మళ్ల దసరాకు కావాలె."

"జల్ది కానియ్యుండ్రి. పొయ్యి ముట్టియ్యాలె. గిన్నెలన్ని అండ్లనే ఉన్నయి," అన్నది ఇంటామె.

ఉస్తాద్ పనిముట్లు పిల్లగాడి చేతికిచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

పిల్లగాడు తాళం సందులోకి కొంచెం పెన్సిల్ పొడి ఊదాడు. పట్టీ దూర్చాడు. చూపుడువేలు ఆనించాడు. మొదటి పిన్ను నిలిచింది. రెండోది నిలిచింది. మూడోది మొండికేసింది. ఆర్నెల్ల దుమ్ము. చుట్టూ జనం చేరారు. రాయి తెచ్చి ఒక్కటేస్తే పోలేదా అని ఒక ముసలాయన అన్నాడు.

1851లో లండన్‌లో హాబ్స్ అనే అమెరికన్ ఇట్లాగే ఒక తాళం ముందు కూర్చున్నాడు. అది బ్రామా కంపెనీ తాళం. తీసినవాడికి బహుమానమని రాసి 60 ఏళ్లకు పైగా దుకాణం అద్దంలో పెట్టారు. హాబ్స్‌కు 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పట్టింది. 200 గినీలు ఇచ్చారు. కంగ్టిలో మాట్లాడుకున్నదీ 200లే, కానీ రూపాయలు. ఇక్కడ గంట కూడా ఆగరు.

గోరు తెల్లబడింది. ఉస్తాద్ దగ్గాడు.

వేలు తేలికైంది. లేచిన పిన్నులు రెండూ జారిపోయాయి. మళ్లీ మొదటి నుంచి. ఈసారి పిల్లగాడు కళ్లు మూసుకున్నాడు. మూడోది నిలిచింది. నాలుగోది నిలిచింది. అయిదోది లేస్తుంటే వేలికే తెలిసింది. తాళం నోరు తెరిచింది. గోరు ఎర్రగానే ఉంది.

ఉస్తాద్ ఏమీ అనలేదు. జేబులోంచి బీడీ తీశాడు. అది మెచ్చుకోలు.

ఇంటాయన తాళాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గీత కూడా పడలేదు. 200 లెక్కపెట్టి ఇచ్చాడు. ఇంటామె తలుపు నెట్టింది.

గూట్లో గిన్నెల్లేవు. దండెం మీద బట్టల్లేవు. సందూక ఉన్నచోట నేల మీద నాలుగు మూలల గుర్తు ఉంది. వెనక మట్టిగోడలో మనిషి దూరేంత కన్నం. కన్నానికి అవతల చొప్ప కట్టలు పద్ధతిగా పేర్చి ఉన్నాయి.

ఇంటామె అక్కడే కూలబడింది. ఇంటాయన చేతిలో తాళం అట్లాగే ఉంది.

"తాళం మాత్రం ఎవ్వలు ముట్టలే," అన్నాడు పక్కింటాయన. "నేను అప్పుడే జెప్తి గద."

జనం లోపలికి తొంగిచూస్తున్నారు. పని అయిపోయింది కాబట్టి పిల్లగాడు గడప మీది గిలాస ఎత్తుకున్నాడు. చాయ్ చల్లారి మీగడ కట్టింది. చూపుడువేలికి గిలాస అంచు కింద చుక్కలు తగిలాయి, సామాన్ల దుకాణంలో మిషనుతో పేరు కొట్టించిన చుక్కలు. అక్షరాల మీదుగా వేలు పోనిచ్చాడు.

బుక్కులో తను రాసిన మూడు పేర్లలో అది రెండోది.