దేశభక్తికి వీడియో సాక్ష్యం

ఈసారి ఆగస్టు పదిహేను శనివారం. అయ్యగార్లకు పెద్ద ఇబ్బంది లేదు. దేశభక్తిని ఒక్క రాత్రి నిలవ ఉంచి ఆదివారం ఆరాధనలో వడ్డించేస్తారు. 2025లో శుక్రవారం వస్తే రెండు రాత్రులు ఉంచారు. దేశభక్తి పాచిపోని పదార్థమని అప్పుడే తేలిపోయింది. 2027లో ఏకంగా ఆదివారమే పడుతోంది. ఆ ఏడు ప్రసంగం ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేం.

ఆ ఆరాధనకు కట్టే జెండా ఫ్లెక్సీల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. జెండా మీద ఏ రాతా ఉండకూడదు, వక్త బల్లకు జెండా కప్పకూడదు అంటుంది ఫ్లాగ్ కోడ్. అశోకచక్రం తీసి సిలువ పెట్టి, ప్రసంగపీఠానికి మూడు రంగులు చుట్టినవాళ్లు మా రోలుగుంట వాళ్లకు దేశభక్తి నేర్పుతారట.

నన్ను నిజంగా వేధిస్తున్నది వేరే చిక్కు. ఆ ఆదివారం జనగణమన ఎక్కడ పెట్టాలి? ఆరాధన క్రమంలో దానికి చోటే దొరకదు. పాపపు ఒప్పుకోలు అవగానే ఎత్తుకుంటే స్వాతంత్ర్యం తెచ్చుకోవడం కూడా ఆ జాబితాలోదే అనిపిస్తుంది. కానుకలప్పుడు పాడితే ఢిల్లీకి చందా పడుతున్నట్టుంటుంది. ప్రసంగం అయ్యాక పెడదామంటే సగం మంది అప్పుడే లేస్తారు, నిద్రలోంచి. దీవెన తర్వాతైతే జనం గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటుంటారు. జాతీయగీతానికి కదలకూడదు కదా, ఒక కాలికే చెప్పు తొడుక్కుని బిగుసుకుపోతారు.

సరే, చోటు దొరికిందనుకోండి. కీబోర్డు కుర్రాడికి పాటలో కాస్త ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు. ప్యాడ్లు మోగుతాయి. మైకు పట్టుకున్న తమ్ముడు అలవాటు కొద్దీ "చేతులెత్తి గట్టిగా" అంటాడు. 52 సెకన్లలో అయిపోవాల్సిన జనగణమన హల్లెలూయలతో కలిసి కీర్తనంత సాగుతుంది. ముందు వరసలో చేతులెత్తి ఊగేవాళ్లు, వెనక వరసలో అటెన్షన్‌లో నిలబడ్డ రిటైర్డు మాస్టారు. ఎవరు ఎవర్ని ఆరాధిస్తున్నారో పైనున్న ఆయనకే తెలియాలి. 1919లో మదనపల్లెలో ఆ గీతానికి స్వరాలు కూర్చిన మార్గరెట్ కజిన్స్ ప్యాడ్ల సంగతి కలలో కూడా ఊహించి ఉండదు.

జనగణమన బదులు సినిమా దేశభక్తి పాటల ట్రాకులు వేసేవాళ్లను నేనేమీ అనను. సినిమా హీరోకు కూడా రక్షణ కావాలి.

ఇది ఎక్కడిదాకా పోతుందో చూడండి. 2017 జులై 1న వాషింగ్టన్‌లో, ట్రంప్ సమక్షంలో, డల్లాస్ ఫస్ట్ బాప్టిస్టు చర్చి గాయకబృందం ఆయన ఎన్నికల నినాదాన్నే పాటగా పాడింది. మనవాళ్లింకా అంతదూరం పోలేదు. దారి మాత్రం అదే.

నవ్వింది చాలు. ఈ పాట దేశం కోసం కాదు, లైవ్ వీడియో కోసం. మేమూ భారతీయులమే బాబూ అని పక్కవీధికి చూపించుకోడానికి. అసలు ఎవడడిగాడు? అడిగినా, వాడికి జవాబు చెప్పే చోటు దేవుడి సన్నిధా? నర్సీపట్నం దాటితే కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి ఉంది. గురజాడ పుట్టిన రాయవరం మన జిల్లాలోదే. ఈ నేల దున్ని బతికినవాళ్లం ఏటేటా రుజువు పత్రం ఎందుకు పట్టుకెళ్లాలి?

ఆ పదిహేనుకు అయిదు రోజుల ముందు పదో తేదీ ఒకటుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. దళిత క్రైస్తవుల్ని ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది అదే. 1956లో సిక్కులకు తలుపు తీశారు, 1990లో బౌద్ధులకు తీశారు. మనకు తియ్యలేదు. మన సంఘాల్లో కూర్చునేది ఎక్కువగా మాలమాదిగలే. ఆదివారం బైబిలు చంకన పెట్టుకొచ్చిన మనిషి ఎస్సీ సర్టిఫికెట్టు కావాలంటే సోమవారం మండలాఫీసులో హిందువునని రాసివ్వాలి, లేదంటే బీసీ-సి జాబితాతో సరిపెట్టుకోవాలి. మతం మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం కూడా వర్తించదని 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టే అంది. పదో తేదీన పెగలని గొంతు పదిహేనుకల్లా అంత శృతిలో ఎలా వస్తుందండీ అయ్యగారూ?

పదకొండో తేదీకీ ఓ కథ ఉంది. జాతీయగీతానికి లేచి నిలబడి, పాడకుండా ఊరుకున్న ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లల్ని కేరళలో బడి నుంచి తీసేశారు. అది తప్పని 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నపరెడ్డిగారు. గౌరవంగా నిలబడ్డారు, అది చాలన్నారు. బడిలోనే పాడి తీరాలనని దేశం ఇది. గుడిలో పాడించాలన్న తొందర మనకెందుకు?

దేశం కోసం ప్రార్థన మన క్రమంలో ఎప్పట్నుంచో ఉంది. ఒకటో తిమోతి రెండో అధ్యాయం తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాడాలనుంటే శనివారం పొద్దున్నే బడి గ్రౌండుకు రండి. ఊరందరితో కలిసి గొంతెత్తి పాడండి, చాక్లెట్లు పంచితే రెండు తీసుకోండి. ఆదివారం మాత్రం ఆ మూడో పేరా మీద ప్రసంగం చెయ్యండి. లైవ్ పెట్టుకోండి, నేనే నలుగురికీ పంపుతాను.