ముక్కుపుడక వైపు చూపు, వెనకవైపు వరద

విపత్తు వచ్చిన ప్రతిసారీ తెలుగునాట రెండు విజ్ఞానశాఖలు ఒక్కసారిగా వికసిస్తాయి. జరిగినదంతా మూడు శతాబ్దాల కిందటే చెప్పి ఉందని మొదటి శాఖ నిరూపిస్తుంది. జరిగినదాన్ని పట్టించుకోకుండా నవ్వుతూ ఉంటే ఆరోగ్యం దానంతటదే సమకూరుతుందని రెండవది బోధిస్తుంది. మొదటిదాన్ని కాలజ్ఞానమనీ, రెండవదాన్ని పాజిటివ్ థింకింగ్ అనీ వ్యవహరిస్తారు. రెండింటికీ సిద్ధాంతపరంగా చుక్కెదురే అయినా, ప్రళయం తప్పదన్న సందేశాన్నీ, దిగులు పడవద్దన్న సందేశాన్నీ ఒకే ఉదయం, ఒకే వాట్సాప్ గ్రూపులో, ఒకే బాబాయిగారు పంపడం కద్దు. ఈ శాఖలకు వెలుపల, ఏ గౌరవమూ లేకుండా, మూడవ పని ఒకటి సాగుతూ వచ్చింది: జనం జోకులు వేసుకున్నారు. పండితులు దానిని బాధ్యతారాహిత్యమన్నారు. మైలవరం కొండల నుంచి బెజవాడ మీదుగా దివిసీమ దాకా పరుచుకున్న ప్రాంతం 2020లో గడిపిన సంవత్సరాన్ని పరిశీలిస్తే, బాధ్యత ఎవరి వద్ద ఎక్కువగా ఉండినదో తేల్చడం అంత కష్టం కాదు.

ఆ సంవత్సరం ఆరంభమే హాస్యరచయితలకు పని లేకుండా చేసింది. శార్వరి నామ సంవత్సర ఉగాది 2020 మార్చి 25న వచ్చింది. దేశవ్యాప్త లాక్‌డౌన్ కూడా సరిగ్గా ఆ రోజే మొదలయింది. పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలు ఉంటాయి. ఏడాదిలో చేతికి వచ్చేదెంత, చేజారేదెంత, దక్కే మర్యాద ఎంత, పడే మాటలెన్ని అన్నదానికి అవి జ్యోతిషులు ముందుగా వేసిచ్చే బడ్జెట్ అంచనాలు. ప్రయాణ యోగాలూ వివాహ యోగాలూ పంచిపెట్టే ఆ పుస్తకాలు అచ్చయి అంగళ్లకు చేరిన తర్వాతనే బస్సులూ రైళ్లూ కల్యాణమండపాలూ మూతపడ్డాయి. గుడికి వెళ్లే వీలులేక పంచాంగ శ్రవణాన్ని టీవీ ముందు కూర్చుని విన్న జనం, పన్నెండు రాశులవారికీ ఈసారి ఫలితం ఒక్కటేననీ, అవమానం కోటాను గడప దాటినవారికి లాఠీతో పోలీసులే పంపిణీ చేస్తున్నారనీ చెప్పుకుని నవ్వారు. మామిడికాయ కోతకు వచ్చే వేళకు లారీ దొరకని మైలవరం, నూజివీడు తోటల రైతుకు వ్యయం అంకె ఎంతో పంచాంగం తెరవకుండానే తెలిసింది.

ప్రభుత్వాలు కూడా హాస్యానికి యథాశక్తి తోడ్పడ్డాయి. 2020 మార్చి 15న విలేకరుల సమావేశంలో నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి పారాసిటమాల్ మాత్రనూ బ్లీచింగ్ పౌడరునూ ప్రస్తావించగా, నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు అదే నెలలో శాసనసభలో పారాసిటమాల్ గోళీ మాటే ఎత్తారు. నదీజలాల మీద ఏకీభవించలేని రెండు రాష్ట్రాలు ఒక జ్వరం బిళ్ల మీద ఏకీభవించడం విభజనానంతర చరిత్రలో అరుదైన ఘట్టం. ఆ మాటల మీద పుట్టిన మీమ్‌లకు, అంటే ఒక బొమ్మకు రెండు ముక్కల వ్యాఖ్య అతికించి పంచుకునే చిత్రహాస్యానికి, బ్రహ్మానందం ముఖం ఉచితంగా సేవ చేసింది. తర్వాతి నెలల్లో ఇంటివద్దే చికిత్స పొందేవారికి ఇచ్చిన మందుల సంచిలో విటమిన్లతో పాటు అదే పారాసిటమాల్ ప్రధానంగా కనిపించిందన్నది వేరే విషయం; ఆనాటి నవ్వు గురిపెట్టింది బిళ్ల మీద కాదు, బిళ్లతో సరిపోతుందన్న ధీమా మీద.

మార్చి 22 జనతా కర్ఫ్యూ సాయంత్రం వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా కొట్టమన్న చప్పట్ల ప్రకంపనలకు వైరస్ చస్తుందన్న సిద్ధాంతం అదే రోజు బయలుదేరింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగమే ప్రకటించవలసి వచ్చింది. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు పెట్టమన్నప్పుడు 9 అంకె మహిమ మీద వెలువడిన వ్యాఖ్యానాలు ఒక ఉపనిషత్తుకు సరిపోతాయి. జూన్ 21 ఆదివారం నాటి చూడామణి సూర్యగ్రహణంతో మహమ్మారి అంతరిస్తుందని కొందరు గడువు పెట్టారు. గ్రహణవేళ పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టే ఆచారం ప్రకారం ఆ రోజున పల్లెల్లో రోకళ్లు నిలబడ్డాయి. అడుగు చదునుగా ఉన్న రోకలి గ్రహణం లేని మంగళవారం నాడు కూడా నిలబడుతుందన్న అంశాన్ని పరీక్షించిన ఇల్లాలిని మాత్రం ఏ టీవీ ఛానెలూ చర్చకు పిలవలేదు.

కాలజ్ఞాన శాఖ పరిశోధన పద్ధతిని ఇక్కడ కొంత వివరించడం అవసరం. సామాన్య జోస్యం ముందు చెబుతుంది, తర్వాత తప్పుతుంది. అందులో నష్టభయం ఉంది. కాలజ్ఞాన పద్ధతిలో సంఘటన ముందు జరుగుతుంది, జోస్యం తర్వాత వెలువడుతుంది కాబట్టి తప్పే అవకాశమే లేదు. పోతులూరి వీరబ్రహ్మం గారు 17వ శతాబ్దపు వ్యక్తిగా సంప్రదాయం చెబుతుంది. ఆయన పేరిట చలామణీ అయ్యే పాఠాలు అనేకం, ఒకదానికొకటి పొంతన లేనివి కూడా ఉన్నాయి. 1984లో ఆయన కథతో ఎన్.టి. రామారావు స్వయంగా నటించి దర్శకత్వం వహించిన చిత్రం వచ్చాక ఆ వాక్యాలు పాటలుగా ప్రతి ఇంటికీ చేరాయి. 2020లో ‘కోరంకి’ అనే రోగం పేరున్న పంక్తులు ఊరూరా తిరిగి, కరోనాను స్వామివారు ముందే కనిపెట్టారనడానికి తిరుగులేని సాక్ష్యమయ్యాయి. ఆ సాక్ష్యం 2019 డిసెంబరులో బయటపడి ఉంటే మాస్కులైనా కుట్టుకునేవారు కదా అని ఒక వ్యర్థప్రశ్న మిగిలిపోతుంది. ముస్లిం సిద్ధయ్యనూ దళితుడైన కక్కయ్యనూ శిష్యులుగా స్వీకరించిన ఆ మనిషి కులాన్ని నిలదీసిన సంగతి మాత్రం, ఫార్వర్డ్ చేయడానికి వీలులేనంత బరువైనదో ఏమో, ఏ గ్రూపులోనూ కనిపించలేదు.

రెండవ శాఖకు పాశ్చాత్య మూలాలున్నాయి. అమెరికన్ సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1964లో కీళ్లూ వెన్నూ పట్టేసే జబ్బు బారిన పడి, ఆసుపత్రి విడిచి హోటల్ గదిలో దిగి, హాస్యచిత్రాలు వేయించుకుని చూశాడు. పది నిమిషాల పగలబడిన నవ్వుకు రెండు గంటల నొప్పిలేని నిద్ర దొరికిందని 1979 నాటి తన పుస్తకంలో చెప్పాడు. ఆయనకు సహకరించిన వైద్యుడొకడు పక్కనే ఉన్నాడనీ, విటమిన్ సి కూడా పెద్ద మోతాదులో ఎక్కించారనీ అదే పుస్తకంలో ఉంది. ప్రచారంలో నవ్వు మిగిలి వైద్యుడు జారిపోయాడు. ముంబై వైద్యుడు మదన్ కటారియా 1995లో ఒక పార్కులో ప్రారంభించిన నవ్వుల సంఘాలు, జోకు అవసరం కూడా లేకుండా వ్యాయామంగా నవ్వే పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేశాయి. పొద్దున్నే పార్కులో చేతులెత్తి నవ్వే పెద్దమనుషులతో ఎవరికీ పేచీ లేదు. ఉపాధి పోయి వందల కిలోమీటర్లు జాతీయ రహదారి మీద నడిచిపోతున్న వలసకూలీకి, రోగనిరోధక శక్తి కోసం నవ్వుతూ నడవమని టీవీలో సలహా ఇచ్చినప్పుడే పేచీ.

ఈ శాఖ గణాంకాలకు అందని ఒక ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌లో అనుకోకుండా జరిగింది. ఏటా మే మొదటి ఆదివారం జరుపుకునే ప్రపంచ నవ్వుల దినోత్సవం 2020లో మే 3న వచ్చి ఎవరికీ తెలియకుండా వెళ్లిపోయింది. మరునాడు మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. వరుసలో నిలబడ్డ జనసందోహం ముఖాల్లో ఏ హాస్యయోగమూ సాధించలేని ప్రసన్నత ఆ రోజు వెల్లివిరిసింది. ధర మొదట 25 శాతం పెంచి, మరునాడే ఇంకో 50 శాతం పెంచిన ప్రభుత్వం, మద్యనిషేధం వైపు ఇది ఒక అడుగని సెలవిచ్చింది. విశాఖ జిల్లాలో ఆ వరుసలను అదుపు చేయడానికి బడిపంతుళ్లను నియమించారు. జీవితమంతా పిల్లలను వరుసలో నిలబెట్టిన అనుభవం వృథా పోలేదని సంతోషించడం తప్ప వారికి వేరే దారి లేకపోయింది. కర్నూలు జిల్లా ప్యాపిలిలో అంతకుముందే ఒక ఎస్సై తెల్లగుర్రానికి ఎర్రటి వైరస్ బొమ్మలు వేయించి దానిమీద ఊరేగి అవగాహన కల్పించారు. గుర్రం అభిప్రాయం నమోదు కాలేదు.

కష్టంలో పుట్టే నవ్వును సమాజశాస్త్రంలో ఉరికంబపు హాస్యమంటారు. అంటే శిక్ష పడ్డవాడు శిక్ష మీదే విసిరే పరిహాసం. నాజీల ఆక్రమణలో చెకొస్లొవేకియా ప్రజలు చెప్పుకున్న జోకులను పరిశీలించి ఆంటొనిన్ ఓబ్ర్డ్‌లిక్ 1942లో రాసిన వ్యాసం ప్రకారం, అటువంటి పరిహాసం బాధితుల నైతిక బలానికి కొలమానం. పీడకుడు దాన్ని సహించలేకపోవడం ఆ బలానికి రుజువు. తెలుగువారికి ఈ సంగతి తెలియడానికి ఆ వ్యాసం రానక్కరలేదు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. 1940లలో ప్రజానాట్యమండలి కాలంలో బుర్రకథకుడు నాజర్ బృందం బెంగాల్ కరువు కథ చెప్పినప్పుడు, లక్షల మంది ఆకలిచావుల కథకు కూడా ఆ హాస్యపు వంతను వేదిక దింపలేదు. నవ్వించేవాడి పక్కనే, ధాన్యం ఏ గోదాములోకి పోయిందని అడిగేవాడు నిలబడి ఉన్నాడు కాబట్టి ఆ నవ్వు అపచారం కాలేదు. 2020లో పాజిటివ్ థింకింగ్ వారు కోరినది రాజకీయపు వంతను ఇంటికి పంపించి హాస్యపు వంతను ఒక్కడినే ఆడించమని. కాలజ్ఞానం వారు కోరినది ఇద్దరినీ పంపించి కథకుడి తంబురా మాత్రం ఉంచుకోమని.

నవ్వు తనంతట తాను ఆగిన చోట్లు కూడా ఆ ఏడాది ఉన్నాయి. మే 7 తెల్లవారుజామున విశాఖలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ వాయువు ఊళ్ల మీదికి వచ్చినప్పుడూ, ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ చికిత్సా కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు రేగి 10 మంది మరణించినప్పుడూ జనం జోకులు వెయ్యలేదు. లైసెన్సు ఎవరిచ్చారు, తనిఖీ ఎవరు చేశారని అడిగారు. ఎక్కడ నవ్వాలో ఎక్కడ నవ్వకూడదో చెప్పడానికి వారికి ఏ క్లబ్బు సభ్యత్వమూ అవసరం కాలేదు. నవంబరులో నివర్ తుఫాను కోతకు వచ్చిన కృష్ణా డెల్టా వరిని నేలకు పరిచింది. తడిసిన పనల మీద మొలకలొచ్చిన రైతు, విత్తకుండానే రెండో పంట మొలిచిందని చేదుగా అనుకుంటే అది ఉరికంబపు హాస్యం. అదే మాట అధికారి అంటే అది పంటనష్టం అంచనా.

ఇంతకూ కృష్ణాతీరంలో కాలజ్ఞానానికి ప్రధాన పరీక్ష కరోనా కాదు, కనకదుర్గమ్మ ముక్కుపుడక. కృష్ణ నీరు ఇంద్రకీలాద్రి మీది అమ్మవారి ముక్కుపుడకను తాకుతుందని బ్రహ్మంగారు చెప్పారన్న నమ్మకం ప్రతి వరదకూ తలెత్తుతుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) తలెత్తింది. 2020 అక్టోబరు వరదల్లోనూ తలెత్తింది. అదే నెల 21న దసరా ఉత్సవాల నడుమ, ముఖ్యమంత్రి రాకకు కాస్త ముందు, కొండచరియ విరిగిపడితే నీటికి బదులు రాళ్లతో సూచన అందిందని వ్యాఖ్యాతలు సవరించారు. బ్యారేజీ దగ్గర నిండు నీటిమట్టం సముద్రమట్టానికి పైన 57.05 అడుగులు, గుడి కొండ మీద ఉంది. నీరు అక్కడిదాకా ఎక్కాలంటే ముందు బెజవాడ, ఆపైన సముద్రతీరాన హంసలదీవి దాకా డెల్టా మొత్తం మునగాలి. అప్పుడు జోస్యం నిజమైందని ఫార్వర్డ్ చెయ్యడానికి మిగిలేది అమ్మవారొక్కరే.

ఈ ముక్కుపుడక విజ్ఞానం వల్ల జరిగిన అసలు నష్టం 2024లో బయటపడింది. ఊరంతా తరతరాలుగా దక్షిణాన కృష్ణ వైపే చూస్తూ ఉండగా, ఆ సెప్టెంబరు 1న నీరు వెనకవైపు నుంచి వచ్చింది. మైలవరం, కొండపల్లి ప్రాంతపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే బుడమేరు ఏ జోస్యంలోనూ ప్రముఖపాత్ర పొందని వాగు. దానికి దక్కిన బిరుదు బెజవాడ దుఃఖదాయని అన్నది మాత్రమే. జి. కొండూరు మండలం వెలగలేరు వద్ద రెగ్యులేటర్ కట్టి, దాని వరదను మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. అప్పట్లో ఆ కాలువ సామర్థ్యం సుమారు 15,000 క్యూసెక్కులు. వచ్చిన వరద అందుకు రెట్టింపు మించింది. కాలువకు గండ్లు పడి, పాత దారిలోకి వదిలిన నీరు ఇళ్లు లేచిన తన పాత మార్గాన్నే వెతుక్కుంటూ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటల మీద పడి, రోజుల తరబడి నిలిచింది. ముందుగా హెచ్చరిక అందలేదని బాధితులు వాపోయారు. కాలజ్ఞానం చెప్పలేదంటే సరిపెట్టుకోవచ్చు. కొలతబద్దలూ టెలిఫోన్లూ ఉన్న శాఖలు చెప్పకపోవడానికి ఏ స్వామివారినీ అడ్డుపెట్టడానికి వీలులేదు.

అదే రోజుల్లో కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం బ్యారేజీకి చేరింది. కట్లు తెంచుకున్న భారీ పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొని, గేటును ఎత్తడానికి తోడ్పడే కౌంటర్‌వెయిట్‌లను, అంటే సమతూకపు దిమ్మలను విరగ్గొట్టాయి. గజ ఈతగాళ్లూ క్రేన్లూ కోత యంత్రాలూ తంటాలు పడి ఆ పడవలను కదిలించడానికి వారానికి పైగా పట్టింది. అయితే పడవలు తేలకముందే వాటి పార్టీ ఏదో తేలిపోయింది; రెండు పార్టీలకూ వేర్వేరుగా తేలింది.