ముక్కు బరువు

పెళ్లి వీడియోలు తీసేవాళ్లలో రెండు తరాలున్నాయి. కుడి భుజం జారిపోయిన తరం ఒకటి, కుడి మణికట్టుకు కట్టు కట్టుకు తిరిగే తరం ఒకటి. నేను రెండో తరం వాణ్ణి.

భుజాల తరం వీహెచ్ఎస్ కాలానిది. పెద్ద క్యాసెట్టును అమాంతం మింగే ఆ పానసోనిక్ కెమెరాను భుజానికెత్తుకుంటే ముందు లెన్సు, వెనక బ్యాటరీ, నడుమ మనిషి. చూడ్డానికి భయం పుట్టించేదే గానీ మోసేవాడితో పేచీ పెట్టుకునేది కాదు. కావడికి రెండువైపులా కుండలుంటే మనిషి పరుగులు తీస్తాడు. ఒక కుండ విప్పేస్తేనే వస్తుంది చిక్కు.

ఆ ఒంటికుండ కావడినే తర్వాత చేతి కెమెరా అని అమ్మారు. సోనీ జెడ్1 బరువు 2 కిలోల పైచిలుకు. తూకానికి తేలికే. కానీ ఆ బరువులో ఎక్కువ భాగం ముందే ఉంటుంది, పట్టుకునే పట్టీ వెనక్కి ఉంటుంది. రెంటికీ ఎంత దూరముంటే మణికట్టు మీద అంత మెలి. అంటే చెయ్యి మోసేది 2 కిలోలను కాదు, నేల చూడాలన్న ఆ 2 కిలోల పంతాన్ని. దాని పైన మనం తగిలించే నగలు వేరే: వైడ్ లెన్సు, మైకు, లైటు. ఒక్కటైనా వెనక్కి పోతుందా? అన్నీ ముక్కు మీదికే.

ఈ విషయంలో ఘనత మాత్రం 1997లో వచ్చిన కెనాన్ ఎక్స్ఎల్1దే. లెన్సు, బ్యాటరీ కలిపి దాదాపు 3 కిలోలు, వెనకవైపు చూస్తే ఒళ్లే లేదు. కంపెనీకే జాలేసిందేమో, భుజానికి ఆనే మెత్త, వెనక రెండు బ్యాటరీలు తగిలించుకునే పెట్టె విడిగా అమ్మింది. కొనుక్కున్నవాడు అదృష్టవంతుడు. డానీ బాయిల్ 2002 నాటి ‘28 డేస్ లేటర్’ సినిమాను చాలామటుకు దీంతోనే తీశాడు. ఖాళీ లండన్ వీధులను తెల్లవారుజామున చకచకా తీసుకోవడానికి ఈ చిన్న కెమెరా ఆయనకు కలిసొచ్చింది. అందులో వెంటపడేది వైరస్ సోకి పిచ్చెత్తినవాళ్లు కాబట్టి కెమెరా ఊగినకొద్దీ భయం పెరుగుతుంది. మా వెంటపడేది పెళ్లికూతురి మేనత్త. కెమెరా ఊగినకొద్దీ మాకు రావాల్సిన బాకీ తరుగుతుంది.

ముక్కు బరువు కెమెరా ఒక్కసారిగా వాలదు. పెళ్లికూతురి మొహం మీద మొదలై, మెడ మీదికి, దండ మీదికి, ఆఖరికి చేతిలోని కొబ్బరిబోండం మీదికి మర్యాదగా దిగుతుంది. ఆ కాలపు క్యాసెట్లు ఎవరింట్లోనైనా వేసి చూడండి, బోండానిదే కథానాయిక వేషం.

ఉపాయాలు లేకపోలేదు. ఎడమ అరచెయ్యి లెన్సు కిందికి రావాలి. మోచేతులు రెండూ డొక్కలకు అతుక్కోవాలి. జూమ్ చేస్తే వణుకు కూడా పెద్దదవుతుంది గనక నాలుగడుగులు ముందుకేసి వైడ్‌లో తీయడం మేలు, పురోహితుడు తిట్టినా సరే. ఊపిరి బిగపట్టమంటారు గానీ, మూడు ముళ్లకు ఎంతసేపు పడుతుందో పెళ్లికొడుకును బట్టి ఉంటుంది, ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. స్తంభానికి ఆనుకోవచ్చు, అది థర్మాకోల్‌ది కాదని ముందు తట్టి చూసుకోవాలి. ఒంటికాలి స్టాండు పాదాన్ని నడుం బెల్టులో దోపుకునేవాళ్లున్నారు. నా మటుకు నాకు బొజ్జను మించిన స్టాండు లేదు. మోచెయ్యి దాని మీద ఆనిందంటే అప్పగింతల దాకా కదలదు. అందుకే పెళ్లిభోజనాలను నేనెప్పుడూ ఖర్చు కింద రాయలేదు, పెట్టుబడి కింద రాశాను.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం వెనక బరువు. మొదట చిన్న బ్యాటరీ తీసి పెద్దది పెట్టాను, కాస్త నయం. తర్వాత వంటవాళ్ల దగ్గర అరకిలో తూకం రాయి అడిగి తెచ్చి, గుడ్డలో చుట్టి, కెమెరా వెనక బిగించి కట్టాను. మొత్తం బరువు పెరిగింది, చేతి నొప్పి తగ్గింది. లైట్ బాయ్ ఇది మాయ అన్నాడు. పెద్దావిడ ఒకరు దగ్గరికొచ్చి, "దిష్టి మూటా బాబూ?" అని అడిగారు. అవునండీ అన్నాను. తూకం, మెలి, మణికట్టు అని ముహూర్తం వేళ ఎవరికి చెబుతాం? ఆవిడ ఊరుకోకుండా రెండు మిరపకాయలు తెచ్చి మూటలో గుచ్చారు, ఓ పిసరు బరువు అదీ కలిసింది.

ఇప్పటి కుర్రాళ్లు కెమెరాను మోటార్లతో నిలకడగా పట్టే గింబల్ పట్టుకొస్తున్నారు. 2018లో వచ్చిన రోనిన్-ఎస్ ఒక్కటే 2 కిలోలకు కాస్త తక్కువ, దాని నెత్తిన కెమెరా, లెన్సు. పెద్ద లెన్సు తగిలిస్తే అదీ ముక్కు కిందికి వేస్తుంది, సరిగ్గా తూచి బిగించకపోతే మోటార్లు గీపెడతాయి. మొన్నొక కుర్రాడు వెనక తగిలించే ఇనుప బిళ్ల చూపించి, దీన్ని కౌంటర్ వెయిట్ అంటారంకుల్, ఆన్‌లైన్లో తెప్పించాను అన్నాడు. ధర విని నోరు మూసుకున్నాను. నా రాయికి పైసా కాలేదు. వంటవాళ్లు మాత్రం ఇప్పటికీ తిరిగి ఇమ్మంటున్నారు.