పంచగిరి దీవులకు పోయేవారికి సూచనలు

తహితి దీవికి టికెట్టు కొనలేని బెంగుళూరువాళ్లకు దేవుడు నంది కొండనిచ్చాడు. చలికాలం తెల్లవారుజామున పైనుంచి చూస్తే ఊళ్లన్నీ మబ్బులో మునిగిపోయి, నందిగిరి, బ్రహ్మగిరి, చన్నగిరి, స్కందగిరి వగైరా పంచగిరుల తలకాయలు మాత్రం తెల్లటి సముద్రంలో దీవుల్లా తేలుతుంటాయి. ఆ మునిగిన ఊళ్లలో మేముంటాం. మీ ఫొటోల్లో పడం. కాబట్టి మనుషుల్లేని దీవులేవో దొరికాయని సంబరపడి వచ్చే యాత్రికుల సౌకర్యార్థం ఈ నాలుగు మాటలు.

దూరం అరవై కిలోమీటర్లే. అయినా శనివారం అర్ధరాత్రి దాటాక ఇంకా ఇంట్లోనే ఉన్నారంటే సూర్యోదయం మీద ఆశ వదులుకోండి. కారహళ్లి క్రాస్ తిరిగాక ముందు కారు వెనక వెలిగే ఎర్రదీపాలే మీ తూర్పు దిక్కు. 1791లో కార్న్‌వాలిస్ సైన్యం ఈ కొండమీది కోటను పట్టడానికి మూడు వారాలపాటు ఫిరంగులు పేల్చాల్సి వచ్చింది. మీరు ప్రతి ఆదివారం ఉత్త హారన్లతో పట్టేస్తున్నారు. 1,478 మీటర్ల ఎత్తెక్కాక మంచు కమ్మి సూర్యుడు కనపడకపోతే దిగులొద్దు. పక్కవాడి ఫోన్లో పోయిన వారం సూర్యుడుంటాడు, అడిగి పంపించుకోండి.

ఒంట్లో బాగాలేక గాంధీజీ 1927లో ఒకసారి, 1936లో మరోసారి ఈ కొండమీద విశ్రాంతి తీసుకున్నారు. పాపం, ఆయన దగ్గర బ్లూటూత్ స్పీకర్ లేదు. ఆ కొరత మీరు తీర్చండి.

దీవులకు పోయేవాళ్లు అక్కడివాళ్లకు ఏదో ఒకటి ఇచ్చి రావడం పాత ఆచారం. 1767లో తహితి చేరిన డాల్ఫిన్ ఓడ నావికులు ఇనప మేకులిచ్చి బేరాలాడారు. బేరం రుచి మరిగి, ఓడ మేకులే పీకడం మొదలెట్టారు. మీరు వాళ్లకంటే ధర్మాత్ములు. నీళ్ల సీసాలు, చిప్సు కవర్లు, బీరు బుడ్లు బేరం లేకుండానే ఇచ్చిపోతారు. వాటిని ఏరేవాళ్లు చిక్కబళ్లాపురం చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లు తెలుగో కన్నడమో మాట్లాడతారు. మీరు హిందీలో గట్టిగా అరిస్తే అర్థమవుతుందనుకోవడం మీ ఆశావాదం. కోతులతో మాత్రం జాగ్రత్త. అమ్మేవాళ్లు జామకాయ ముక్కల మీద ఉప్పూకారం చల్లి కాగితంలో పెట్టి ఇచ్చిన క్షణంలోనే చేతిలోంచి లాక్కుపోతాయి. కారం అంటిన ముక్కను రాతికేసి రుద్ది మరీ తింటాయి. అంత శుభ్రం తెలిసిన యాత్రికుణ్ణి ఆ కొండమీద నేనింకా చూడలేదు.

కింద నంది గ్రామంలో వెయ్యేళ్లు దాటిన భోగనందీశ్వరుడి గుడి ఉంది. పెళ్లికి ముందు ఫొటోలకు స్తంభాలు బాగుంటాయట. దేవుడు కూడా లోపలే ఉంటాడు.

పసిఫిక్‌లో తువాలు అనే దేశం ఉంది. సముద్రం పెరిగి అది మునిగిపోతోందని ప్రపంచమంతా బెంగపెట్టుకుంది. మా దీవుల్ని ముంచే సముద్రం లేదు. ఇక్కడ కొండే తరిగిపోతోంది. చిక్కబళ్లాపురం జిల్లాలో క్వారీలు గుట్టల్ని తొలిచి కంకరగా, ఎమ్‌శాండ్‌గా లారీలకెక్కిస్తున్నాయి. మీ అపార్టుమెంటు పదో అంతస్తు బాల్కనీ గోడలో మా గుట్ట ఒకటి ఉండొచ్చు. కొండ చూడ్డానికి అంత దూరం రావడమెందుకు, గోడ నిమురుకోండి. 2021 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే హిరేనాగవల్లి దగ్గర క్వారీకి తెచ్చిన జిలెటిన్ పేలి ఆరుగురు చచ్చిపోయారు. యాత్రా పుస్తకాల్లో ఆ చోటు ఉండదు.

ఇక నీళ్ల సంగతి. పెన్న, పాలారు, చిత్రావతి, పాపాగ్ని, అర్కావతి ఈ చుట్టుపక్కల కొండల్లోనే పుట్టాయని బడిలో బట్టీపట్టాం. ఇన్ని నదుల్ని కన్న జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే. బాగేపల్లి వైపు నీళ్లు పడ్డా ఫ్లోరైడు వెంటే వస్తుంది. ఎక్కడో పడమటి కనుమల్లోని ఎత్తినహొళె నీళ్లు మళ్లిస్తామని 2014లో శంకుస్థాపన చేశారు. ఈలోగా మా గొంతు తడపడానికి బెంగుళూరే ముందుకొచ్చింది. హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని రెండు దశలు శుద్ధి చేసి, పైపుల్లో ఎక్కించి, మా చెరువుల్లోకి వదులుతోంది. భూగర్భజలం పెరగడానికట. మూడో దశ కూడా శుద్ధి చేయండి మహాప్రభో అని రైతులు మొత్తుకుంటుంటే, రెండు చాలదా అన్నట్టు చూస్తారు పెద్దలు. మీరు కొండమీదికొచ్చి స్వచ్ఛమైన గాలి పీల్చుకుపోతారు, మీ స్నానాలగదులు వెనకే మా చెరువులకు విహారయాత్రకొస్తాయి. బాగుంది ఈ ఇచ్చిపుచ్చుకోవడం.

మొన్న కొండ కింద జామకాయలమ్మే ముసలామె దగ్గర ఒక కుర్రాడు కారాపి, బుట్ట పక్కనున్న బిందె చూపించి, "ఆంటీ, మీ ఊరి నీళ్లు తాగొచ్చా?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. ఆమె తలెత్తకుండా కాయ కోస్తూనే అంది:

"మీ ఊరివే నాయనా, తాగు."