పెద్ద వాచీ కొంటున్నారా? ముందు బోర్లించండి

షోరూములో కూర్చోగానే వాచీని బోర్లా పెట్టమనండి. డయల్ రంగూ, ముళ్ల అందమూ తర్వాత చూసుకోవచ్చు. అసలు చూడకపోయినా నష్టం లేదు. 44, 46 మిల్లీమీటర్ల వాచీకి లక్షలు పోస్తున్నామంటే ఆ జాగా అంతా మూవ్‌మెంట్‌దే, అంటే లోపలి యంత్రానిదే అయివుండాలి. వెనక గాజు లేకుండా స్టీలు మూత బిగించి ఉంటే అక్కడి నుంచే లేచి వచ్చేయండి.

డయల్‌తో ఉన్న పని ఒక్కటే, తేదీ కిటికీ ఎక్కడుందో చూడటం. అది అంచున కాకుండా మధ్యకు జరిగి ఉందంటే లోపలిది చిన్న యంత్రమన్నమాట. ఈటీఏ 2824 అనే మూవ్‌మెంట్ అడ్డుకొలత 25.6 మిల్లీమీటర్లే. దాన్ని 45 మిల్లీమీటర్ల కేసులో కూర్చోబెడితే మనవడికి తాతగారి చొక్కా తొడిగినట్టే. అదే యూనిటస్ 6497 అయితే 36.6 మిల్లీమీటర్లు. జేబు గడియారాల కోసం పుట్టిన యంత్రం అది. 1990ల్లో పనెరాయ్ కంపెనీ తన 44 మిల్లీమీటర్ల లూమినార్లలో పెట్టుకున్నది దాన్నే. ఆ యంత్రంలో బాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగడం భూతద్దం లేకుండానే కళ్లారా చూడొచ్చు.

"మీ చేతికి పెద్దదవుతుందండీ" అంటాడు సేల్స్‌మన్. వినకండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం నావిగేటర్ల వాచీలు 55 మిల్లీమీటర్లు ఉండేవి. కోటు చేతి మీద నుంచి కట్టుకునేవారు. మణికట్టు సన్నమైతే మీరూ పొడుగు బెల్టు వేయించుకుని చొక్కా చేతి మీదే కట్టుకోండి. చేయి కోసం యంత్రాన్ని తగ్గించుకోవద్దు.

ఆటోమేటిక్ జోలికి పోకండి. స్ప్రింగును చుట్టే దాని రోటర్ ఎటు తిరిగినా సగం మూవ్‌మెంట్‌ను కప్పేస్తుంది. ఐడబ్ల్యూసీ వారి పాత బిగ్ పైలట్‌ను మాత్రం మన్నిస్తాను. అందులోని 51111 మూవ్‌మెంట్ స్ప్రింగుకు ఏడు రోజులు దాటి నడిచే సత్తా ఉన్నా, బలం సన్నగిల్లాక ఈడ్చుకుపోకుండా ఏడో రోజుతో యంత్రమే ఆగిపోయే ఏర్పాటు చేశారు. అంత పట్టింపు ఉన్న యంత్రానికి మూత ఉన్నా, రోటర్ ఉన్నా సరే.

రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతుందని అడగకండి. క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే స్విస్ సంస్థ సీఓఎస్‌సీ కూడా రోజుకు సగటున 4 సెకన్లు వెనక్కీ, 6 సెకన్లు ముందుకీ ఒప్పుకుంటుంది. అడగాల్సింది సెకనుకు ఎన్ని దెబ్బలని. 2824 ఎనిమిది కొడుతుంది, పాత 6497 ఐదే. ఎక్కువ కొడితే టైము నిలకడగా ఉంటుందని మెకానిక్కులు చెబుతారు, నిజమే. అయినా ఐదు దెబ్బలదే తీసుకోండి. చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్కో దెబ్బా విడిగా వినబడుతుంది. ఎనిమిదైతే వట్టి గరగర.

రోజూ పొద్దున్నే, కాఫీకి ముందే కీ ఇవ్వండి. వేళ్ల మధ్య పళ్లు టకటకా జారుతూ మెల్లగా బిగుసుకుంటాయి. ఇక తిరగనని మొరాయించినప్పుడు ఆపేయండి, బలవంతం చేయొద్దు. ఫోన్లో టైముతో పోల్చి చూసుకునే అలవాటు ఉంటే కొన్న రోజునే మానేయండి.