ఖాళీ అని రాసిచ్చిన చోటు

నాచారం పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీ ప్రహరీ వెనక మనుషులెవరూ ఉండరని నేను రాసిచ్చాను. నోటిమాటగా అన్నది కాదు. పటం గీసి, పట్టిక జతపరిచి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడ మనుషులున్నారు. పిల్లాజెల్లా కలుపుకుంటే వందల్లో ఉన్నారు. ఈ సంగతి బయటికి చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ మనసొప్పలేదు. మళ్ళీ జనాభా లెక్కలు వస్తున్నాయి. వాటి వెంట కొత్త పట్టికలు వస్తాయి. నాలాంటివాళ్ళు మళ్ళీ వాటి ముందు కూర్చుంటారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అది 2022. మా కాలనీ సంక్షేమ సంఘం బస్తీ దవాఖాన అనే చిన్న సర్కారు ఆసుపత్రి కోసం అర్జీ పెట్టాలనుకుంది. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది గానీ, ఈఎస్ఐ కార్డు లేని రోజుకూలీకి, ఇళ్ళలో పనిచేసుకునే ఆడవాళ్ళకు అది అక్కరకు రాదు. బస్తీ దవాఖానను 5,000 నుంచి 10,000 జనాభాకు ఒకటి అన్న లెక్కన పెడతారు కాబట్టి అర్జీలో జనాభా చూపించాలి. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఫ్యాక్టరీల వైపు నుంచి కొందరు వచ్చి, దవాఖాన తమ దిక్కు పెట్టించమని అడిగి వెళ్ళారు. మా కమ్యూనిటీ హాలు పక్కనా, వాళ్ళ వైపా అన్నది తేల్చాలి. "లెక్కలు చూసి చెప్పు తమ్మీ, అప్పుడు ఎవ్వరూ మాట అనరు" అన్నారు సంఘంలో పెద్దాయన. న్యాయమైన మాటే. ఆ న్యాయాన్ని నా చేతుల్లో పెట్టారు.

నాకు అప్పట్లో ప్రభుత్వ సమాచారం మీద పెద్ద నమ్మకం. 2012లో కేంద్రం, 2016లో తెలంగాణ ఓపెన్ డేటా విధానాలు తెచ్చాక, ఒకప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగితే గానీ దొరకని పట్టికలు ఇంట్లో కూర్చుంటే దొరికాయి. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ మహానగరంలోని ప్రతి వార్డుకూ ఎన్ని కుటుంబాలు, ఎంత జనాభా, ఆరేళ్ళలోపు పిల్లలెందరు, పనిచేసేవాళ్ళెందరు అన్నది వరసగా ఉంది. డివిజన్ల పటం దొరికింది. మాస్టర్ ప్లాన్‌లో ఏ భూమి నివాసానికి, ఏది పరిశ్రమకు అన్నది రంగుల్లో ఉంది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల నుంచి తయారుచేసిన భూ వినియోగ పటాలు భువన్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఇన్ని ఉండగా వీధుల్లో తిరగాల్సిన పనేముంది అనుకున్నాను. ఆ ఆలోచన దగ్గరే నేను దారి తప్పాను.

మొదటి తప్పు హద్దుల దగ్గర. అప్పట్లో నాచారం ఆరో నంబరు డివిజన్. 2011 పట్టికలో ఆరో వార్డు అంకె తీసుకుని డివిజన్ల పటంలో ఆరో గడి మీద పెట్టాను. రెంటిలోనూ మొత్తం 150 ఉండడంతో నాకు అనుమానమే రాలేదు. కానీ పట్టికలోవి 2009 ఎన్నికలకు గీసిన హద్దులు, పటంలోవి 2016 ఎన్నికలకు గీసినవి. కొత్త జాబితాలోకి ఏఎస్ రావు నగర్ లాంటి డివిజన్లు వచ్చాయి, వాటి వెనకున్నవాటి నంబర్లు జరిగాయి. ఒకరి కొలతలు తీసుకుని ఇంకొకరికి చొక్కా కుట్టాను. పట్టికలో ఎర్ర గుర్తేమీ పడలేదు, గడులన్నీ నిండాయి, మొత్తం సరిపోయింది. కూడిక సరిపోతే లెక్క నిజమే అనుకున్నాను.

మా ప్రాంతంలో పుట్టి పెరిగినవాడికి ఈ పొరపాటు రాకూడదు. నాచారం శాసనసభకు ఉప్పల్ నియోజకవర్గం, పురపాలనకు అప్పట్లో కాప్రా సర్కిల్. కరెంటుకు ఇంకో సెక్షను. పోస్టుకు 500076. ఉప్పల్ కలాన్ 2001 జనాభా లెక్కల్లో ఒక పురపాలిక, 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాక లెక్కల్లో ఆ పేరు మీద వరసే లేదు. 2011లో మేం రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఏ ఆఫీసుకు వెళితే ఆ ఆఫీసు గీసిన నాచారం ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. చిరునామా రాసేటప్పుడు తెలుసు, ఓటు వేసేటప్పుడు తెలుసు. పట్టిక ముందు కూర్చున్నప్పుడు మాత్రం మరిచిపోయాను.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. వార్డు జనాభాను వార్డంతటా సమంగా పరిస్తే బాగుండదని, మాస్టర్ ప్లాన్‌లో నివాసమని ఉన్న భాగానికే జనాన్ని పంచాను. పరిశ్రమ అని ఉన్నచోట సున్నా వేశాను. ఉపగ్రహ పటంలో తుప్పలున్న బీడుగా కనిపించినచోటా సున్నా వేశాను. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు, ప్రపంచమంతా వాడుతున్నదే. కానీ మాస్టర్ ప్లాన్ అన్నది ఆ భూమిని దేనికి వాడాలో చెప్పే పత్రం. దాన్ని ఎవరు ఎలా వాడుకుంటున్నారో అది చెప్పదు. ఉండాల్సినదాన్ని ఉన్నదిగా చదివాను.

ఉపగ్రహ పటం సంగతి ఇప్పుడు లెక్క వేసి చూస్తే సిగ్గేస్తుంది. ఆ పటాలు 1:50,000 స్కేలువి. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. వాటికి వాడిన లిస్-3 కెమెరా చూసే ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం. మన లెక్కలో చెప్పాలంటే దగ్గర దగ్గర 660 గజాలు. మా దిక్కు 100 గజాల్లో ఇల్లు కట్టుకుని, మీద రెండు అంతస్తులు కిరాయికి ఇచ్చుకుంటారు. అలాంటి ఇళ్ళు ఆరు ఒక్క చుక్కలో ఇమిడిపోతాయి. జిల్లాలో సాగు ఎంత తగ్గింది, చెరువు నీరు ఎంత కుంచించుకుంది అని చూడ్డానికి చేసిన పటం అది. ఒక ప్రహరీ వెనక మనుషులున్నారా అని దాన్ని అడగడం నాదే తెలివితక్కువతనం. పటం తన స్కేలును మూలన రాసిపెట్టుకునే ఉంది. నేను చదవలేదు.

అర్జీలో నేను రాసిన వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ప్రతిపాదించిన రెండో స్థలం పరిసరాల్లో నివాస జనాభా లేదు." సంఘంలో చదివి వినిపిస్తే అందరూ తలలూపారు. రంగుల పటం చూసి ఇద్దరు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఒక ఉదయం మా అపార్టుమెంటులో మెట్లు ఊడ్చే ఆమె చీపురు గోడకానించి నన్ను ఆపింది.

"సారూ, మా దిక్కు ఎవ్వరు ఉంటలేరని రాసిన్రంట గద?"

నేను పటం గురించి ఏదో చెప్పబోయాను.

"మరి నేను దినాం యాడికెళ్ళి వస్తున్న?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. ఆ రోజు సాయంత్రం ఆమె వెంట వెళ్ళాను. ఫ్యాక్టరీ ప్రహరీ పట్టుకుని నడిస్తే సందు తిరిగేచోట రేకుల గదులు రెండు వరసలు మొదలవుతాయి. గది పదడుగుల చదరం ఉంటుంది. తలుపు ముందు నీలం డ్రమ్ము, దాని మీద బరువుకు పెట్టిన బండరాయి. కొన్ని తలుపులకు పగలు కూడా లోపల గడియే. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు పడుకుంటారని చెప్పింది. నల్గొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు ఒక వరస, ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు ఒక వరస. చివరి గోడకు ఒక చెక్క బిగించి ఉంది. దాని మీద నాలుగు కరెంటు మీటర్లు. ఆ నాలుగు మీటర్ల నుంచి తీగలు రేకుల కింద నుంచి ముప్పైకి పైగా గదుల్లోకి వెళ్ళాయి. యజమాని మీటరు చూసి తలా ఇంత అని వసూలు చేసుకుంటాడట. ఒక గది ముందు ఒక పసివాడు జ్వరంతో అమ్మ ఒళ్ళో పడుకుని ఉన్నాడు. నేను దవాఖాన అక్కర్లేదని రాసిచ్చిన చోటు అది.

రేషన్ కార్డు ఎక్కడుందని అడిగాను. ఊళ్ళో ఉందంది. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గదా, ఆ రోజు ఇక్కడే ఉన్నారా అని అడిగాను. "ఊర్ల ఉంటెనే పేరెక్కుతదని ముందటి రోజే పోయినం సారూ. బస్సుల నిలవడనీకె జాగలేకుండె." ఆ రోజు రాష్ట్రమంతా పనులాపి ఇళ్ళలో కూర్చుంది, వేలమంది నగరం వదిలి సొంతూళ్ళకు వెళ్ళారు. వాళ్ళలో ఈమె కుటుంబమూ ఉంది. ఊళ్ళో లెక్కకెక్కింది, తినేదీ పడుకునేదీ పనిచేసేదీ నాచారంలో. 2011 జనాభా లెక్కలకు ఆమె ఇంకా ఇక్కడికి రానే లేదు. నా పట్టికలో ఆమెకు చోటు ఉండే దారే లేదు. పట్టిక నన్ను మోసం చేయలేదు. 2011 మార్చి 1 నాటికి నాచారం ఎలా ఉందో అది చెప్పింది. పదకొండేళ్ళ తర్వాతి నాచారాన్ని దాని నోట పలికించింది నేను.

ఇంకా బాధ కలిగించేది ఒకటుంది. ఆ మనుషుల జాడ ప్రభుత్వ సమాచారంలోనే నాకు దొరికేది. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్లో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ లెక్కలు నెలనెలా ఉంటాయి. సెక్షన్ వారీగా, ఏరియా వారీగా గృహ సర్వీసులెన్ని, బిల్లయినవి ఎన్ని, ఎన్ని యూనిట్లు కాలాయి, లోడు ఎంత అన్నవన్నీ ఉంటాయి. పరిశ్రమల ప్రాంతంలో గృహ సర్వీసులున్నాయంటేనే అక్కడ ఎవరో వండుకుంటున్నారని అర్థం. సర్వీసుల సంఖ్యకూ యూనిట్లకూ పొంతన లేకపోతే ఒక మీటరు మీద చాలా కుటుంబాలు బతుకుతున్నాయేమోనని అడగాలి. ఆ పట్టిక నేను చూశాను. ఇది కరెంటు, జనాభా కాదు అని మూసేశాను. జనాభా అన్న పేరున్న పట్టికలోనే మనుషులుంటారని అనుకున్నాను.

ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా ఏళ్ళ తరబడి ఆఫీసుకు తిరిగాను. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా తన సర్వేయర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ ఉన్నది ఉప్పల్‌లోనే. దేశమంతటి నుంచి అక్కడికి వచ్చి పటం గీయడం నేర్చుకుంటారు. నేల మీదికి వెళ్ళి సరిచూసుకోనిదే ఏ సర్వేయరూ పటం ఖాయం చేయడు. ఆ గేటు ముందు నుంచే వెళ్ళివస్తూ, నేలే చూడకుండా నేను పటం ఖాయం చేశాను.

మొదటి అర్జీ తప్పని రాసి ఇంకోటి ఇచ్చాను. ఈసారి గదులు లెక్కపెట్టి, ఇంటింటికీ అడిగి, తేదీ వేసి, హద్దులు చేత్తో గీసి ఇచ్చాను. సంఘంలో కొందరు "ఇక ఈ లెక్కల గొడవే వద్దు" అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. లెక్కలు లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ మాటే నెగ్గుతుంది. మా కాలనీకి గొంతుంది, లెటర్‌హెడ్ ఉంది, కార్పొరేటర్ ఫోన్ నంబరు ఉంది. ఆ గదులవాళ్ళకు ఉండగలిగింది ఒక సరైన అంకె మాత్రమే. దాన్ని నేను సున్నా చేశాను. అందుకే ఓపెన్ డేటా మనకు ఇంకా ఎక్కువ కావాలి. వార్డు అంకెతో పాటు ఆ ఏటి వార్డు హద్దులు కూడా కావాలి. భూ వినియోగ పటం మీద చిత్రం తీసిన తేదీ, స్కేలు కంటికి కనబడేంత పెద్దగా ఉండాలి. హద్దులు మార్చిన ప్రతిసారీ పాత వార్డులో ఏ భాగం ఏ కొత్త వార్డులోకి పోయిందో చెప్పే పట్టిక కావాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. హద్దులు గీసేవాళ్ళ దగ్గర ఇవన్నీ ఉండే ఉంటాయి.

దీని అవసరం ముందు ముందు ఇంకా పెరుగుతుంది. 2025 నవంబరులో ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక వాడల భూములను ఇళ్ళకు, దుకాణాలకు, ఆఫీసులకు మార్చుకోనిచ్చే విధానం వచ్చింది. నాచారం, ఉప్పల్ వాడలు ఆ జాబితాలో ఉన్నాయి. డిసెంబరులో చుట్టూ ఉన్న 27 పురపాలికలను గ్రేటర్‌లో కలిపి 300 డివిజన్లుగా గీశారు. జనాభా లెక్కల కోసం దేశమంతటా పాలనా హద్దులను ఆ డిసెంబరు 31తో కదలకుండా కట్టేశారు. అంటే కొత్త లెక్కల్లో వచ్చే వార్డుకు 2011లో జోడీ ఉండదు. ఫ్యాక్టరీ భూముల ధర పెరిగితే ఆ రేకుల గదులు ఎన్నాళ్ళుంటాయో చెప్పలేను. అక్కడ మనుషులున్నారని ఎక్కడా రాసి లేకపోతే, వాళ్ళు ఖాళీ చేసి పోయిన సంగతీ ఎక్కడా రాసి ఉండదు.

దవాఖాన ఇప్పటికీ ఏ వైపూ రాలేదు.

2027 మార్చి 1 నాటికి దేశంలో ఎవరు ఎక్కడున్నారో లెక్క తీస్తారు. దానికోసం ఫిబ్రవరిలో మీ గుమ్మం ముందుకు ఒకరు వస్తారు. మీ కుటుంబం వివరాలు చెప్పి తలుపు వేసేయకండి. మీ మీద అంతస్తు గదిలో ఉండే కుర్రాళ్ళ సంగతి, దుకాణం వెనక పడుకునే వంటమనిషి సంగతి, సందు చివర రేకుల షెడ్డు సంగతి కూడా చెప్పండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెను ఊరికి పోకుండా ఆ రోజుల్లో ఇక్కడే ఉండి, ఉంటున్న చోటే పేరు రాయించుకోమనండి. లెక్కకు వచ్చినవాళ్ళకు ఆ సందు దారి తెలియకపోతే, వెంట వెళ్ళి చూపించండి.